అంపైర్ ఇంటికి పోయే వేళ

చింతపండుతో రుద్దినకొద్దీ రూపాయి బిళ్ళ మీద సింహాలు తేటపడుతున్నాయి. నాగమణమ్మ మాత్రం రుద్దడం ఆపలేదు, ఆపితే చెయ్యి ఖాళీ అవుతుంది, చెయ్యి ఖాళీ అయితే ముందు గదిలోకి పోవాలి. అక్కడ కోడలు మహేశ్వరి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది, అయిదు గంటలకు ఈ బిళ్ళ ఎగరెయ్యాలి. ఎగరేస్తే ఆట మొదలవుతుంది, మొదలైంది ఎప్పుడో ఒకప్పుడు అయిపోతుంది, అది అయిపోతే పోయిన నెల కన్నుమూసిన తన కొడుకు శ్రవణ్‌కుమార్‌కు ఈ లోకంలో సగంలో విడిచిన పని అంటూ ఇంకొకటి మిగలదు. ఆఫీసు పని ఆఫీసువాళ్ళు ఇంకొకరికి అప్పజెప్పారు, బండి మేనమామ తీసుకుపోయాడు, అంగీలు అనాథాశ్రమానికి పోయాయి. మిగిలింది ఈ ఒక్క ఆట. ఇది కూడా ఆడేస్తే వాడికి మళ్ళీ రావలసిన అవసరమేముంది? అట్లా అనుకుని, అనుకున్నందుకు తనే నవ్వుకుని, పిచ్చిదానా, రావడమేంది, అని బిళ్ళను నీళ్ళలో ముంచి తీసింది. సింహాలు తడిగా మెరిశాయి.

ఆట అంటే గ్రౌండ్లో ఆడే ఆట కాదు. ఏ దేశపు జట్టునైనా ఏ యేడుదో ఆ యేడుదిగా కంప్యూటర్లో పెట్టి ఒకదానితో ఒకటి ఆడించడం, దానికి లీగ్ అని పేరు, దేశదేశాల నుంచి మనుషులు, ఒక్కొక్కరికి ఒక్కొక్క జట్టు. మొదట్లో నాగమణమ్మకు అర్థం కాక అడిగింది, ఏందిరా, నలభై ఎనిమిది ఆస్ట్రేలియా అంటవు, అండ్ల ఆడినోళ్ళందరు ఎప్పుడో పోయింటరు గద, చచ్చినోళ్ళను ఆడిపిస్తవా? వాడు చాయ్ గ్లాసు కింద పెట్టి నవ్వాడు. "చావుడేంది అమ్మా, ఆ యేడు ఎట్లున్నరో గట్లనే ఉంటరు నా దగ్గర. ముసలితనం రాదు, మోకాలి నొప్పి రాదు. ఆ యేడు ఎంత ఆడిండ్రో అంతే లెక్క." ఆ మాట ఆమెకు మస్తు నచ్చింది. క్రికెట్ తెలియదు గానీ ఏండ్లు తెలుసు ఆమెకు, మూడో తరగతిలో బడి మానిపించినా ఏండ్లన్నీ నాలుక చివర ఉంటాయి. నలభై ఎనిమిది అంటే పోలీసు యాక్షన్, అత్తగారు చెప్పేది, పిల్లల్ని ధాన్యం గాదెలో దాచిపెట్టిన్నని. డెబ్బయ్యొకటి అంటే తన పెళ్ళి, ఛత్రినాక దాకా మేళతాళాలతో వస్తుంటే వాన పడి సన్నాయి వాయించేవాడు అరుగెక్కి కూర్చున్నాడు. డెబ్బయ్ తొమ్మిది అంటే వీడు పుట్టిన యేడు, అందుకే ఆ యేటి వెస్టిండీస్ అంటే లోపల్లోపల పక్షపాతం, అది ఓడిపోయిన రోజున కూరలో ఉప్పు మరిచిపోయేది. ఎనభై మూడు మాత్రం వద్దు, ఎనభై మూడు మాట ఎత్తొద్దు. లోకమంతా ఎనభై మూడు ఇండియా అని ఎగురుతుంది గానీ, ఆ రాత్రి ఊరంతా పటాకులు కాల్చింది, ఆ పొగకు నాలుగేండ్ల పిల్లవాడికి ఊపిరి ఆగింది, గెలిచినం గెలిచినం అని రిక్షాకు అడ్డంపడి నాట్యమాడే మనుషుల మధ్యలోంచి పిల్లవాడిని గుండెకు హత్తుకుని తాను ఉస్మానియా దవాఖానకు పోయింది. జరుగుండ్రి భాయ్, జరుగుండ్రి. ఎవరో మురిపెంగా పిల్లవాడి నోట్లో దూద్‌పేడా పెట్టబోయాడు.

అప్పటి నుంచి ఉబ్బసం. ఇప్పుడు లేడు గానీ వాళ్ళ నాయన వెంకటనారాయణకు అఫ్జల్‌గంజ్‌లో తాళ్ళ దుకాణం ఉండేది, గోనెసంచులు, సుతిలి, కొబ్బరితాళ్ళు, ఆ నార దుమ్ము ముక్కుకు తగిలితే పిల్లవాడి ఊపిరిలో ఈల మొదలయ్యేది, కాబట్టి దుకాణంలో కూర్చునే యోగం లేదు. వాళ్ళ నాయన సాయంత్రం ఇంటికొస్తే ముందు వాకిట్లో అంగీ విప్పి దులిపి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, అప్పుడు కొడుకును ముట్టుకునేవాడు, పాపం, ముట్టుకోవాలని రోజంతా ఉండేది ఆయనకు. మంచం మీద పడుకున్న పిల్లవాడు ఏం చేస్తాడు? పంచాంగం తీసేవాడు. కళ్ళు మూసుకుని ఒక పేజీ తెరిచేవాడు, పేజీ నంబరు చివర నాలుగుంటే నాలుగు పరుగులు, ఆరుంటే ఆరు, సున్నా ఉంటే ఔట్. "పంచాంగంల సిక్సర్లేందిరా, కండ్లు పోతయ్" అని వాళ్ళ నాయన అరిస్తే, "బాపు, రాహుకాలంల రెండు వికెట్లు పోయినయ్" అనేవాడు ఈల వేసే గొంతుతో. ఆయన కోపం నవ్వులోకి జారిపోయేది. అదే మొదలు ఈ లీగుకు, ఎవరడిగినా నాగమణమ్మ అదే చెప్తుంది, కంప్యూటర్లు గింప్యూటర్లు తర్వాత వచ్చినయ్, మొదలు మా ఇంట్ల పంచాంగం.

"అత్తమ్మా, సాదిక్ సాబ్ వచ్చిండు" అని ముందు గదిలోంచి మహేశ్వరి. వస్తున్న, అంది గానీ కదల్లేదు. తెరలో సాదిక్ సాబ్ ముఖం ఇక్కడి నుంచే కనిపిస్తోంది, తెల్లగడ్డం, వెనుక గోడకు గడియారం. కరాచీలో ఉంటాడు, వాళ్ళ నాయన నలభై ఎనిమిది తర్వాత షాలిబండ నుంచి ఒక్క రేకు పెట్టెతో పోయినవాడట, అక్కడే పుట్టినా మాట మాత్రం ఇక్కడి పాతబస్తీ ఉర్దూనే, నక్కో, హౌ, కైకూ. మొదటిసారి మాట్లాడినప్పుడు నాగమణమ్మ మీ నాయినది ఏ గల్లీ అని అడిగింది, ఆయన చెప్పాడు, ఆ మూలమీది రొట్టెల భట్టీ ఇంకా ఉన్నదా అమ్మా అని అడిగాడు, ఉన్నది సాబ్ అని చెప్పింది. లేదు, ఎప్పుడో పడగొట్టారు, అయినా ఉన్నదనే చెప్పింది, అంత దూరాన కూర్చున్న మనిషికి భట్టీ ఆర్పెయ్యడం దేనికి. ఆ సాదిక్ సాబ్‌కు పడింది డెబ్బయ్యొకటి ఇండియా జట్టు. చీటీలు తీసింది తనే, వంటింటి గిన్నెలో వేసి, కళ్ళు మూసుకుని. కరాచీ ఆయనకు ఇండియా పడ్డదని శ్రవణ్ పడీపడీ నవ్వాడు, నవ్వితే దగ్గొచ్చింది, దగ్గుతూనే నవ్వాడు. ట్రినిడాడ్‌లో ఉండే టీచరమ్మకు నలభై ఎనిమిది ఆస్ట్రేలియా పడింది, ఇంగ్లండ్ అంతా తిరిగి ఒక్క ఆటా ఓడకుండా వచ్చిన జట్టట అది. ఈ సంవత్సరం ఫైనల్లో ఎదురుపడింది ఈ ఇద్దరే. అంటే పోలీసు యాక్షన్‌కూ తన పెళ్ళికీ పోటీ, అని నాగమణమ్మ అంటే, "నువ్వు చెప్పినట్టు చెప్తే అందరికి సమజైతది అమ్మా" అన్నాడు వాడు.

వాడికి మాత్రం జట్టు లేదు. ఎన్నేండ్లు నడిపినా ఒక్క జట్టు తీసుకోలేదు. గల్లీలో కూడా అంతే కదా, పరిగెత్తితే ఆయాసం, దుమ్ములో ఆయాసం, అందుకని పిల్లలంతా కలిసి వీడిని అంపైర్ను చేశారు. ముక్కాలి పీట మీద కూర్చుని వేలెత్తేవాడు. బబ్లూ అని వాళ్ళ జట్టు దాదా ఒకడుండేవాడు, ఔటిస్తే కొడతా అన్నాడు, వీడు ఔటిచ్చాడు, వాడు కొట్టాడు, చెంప వాచిపోయి ఇంటికొచ్చి, "ఔటే అమ్మా, నిజంగ ఔటే" అన్నాడు, ఏడవలేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు చలిగాలి మొదలవుతుందని నాగమణమ్మ గడపలోకి వచ్చి పిలిచేది, శ్రవణూ, ఇంటికి రా. అంతే, ఆట బంద్. అంపైర్ లేకుంటే లొల్లి తప్ప ఆట ఉండదు. ఒక్క ఓవర్ చిన్నమ్మా, ఒక్క ఓవర్ చాచీ, గల్లీ పిల్లలంతా బతిమాలేవాళ్ళు. బబ్లూగాడు కూడా బతిమాలేవాడు. ఆమె వినేది కాదు. ఊపిరి సంగతి ఆమెకు తెలుసు, ఒక్క ఓవర్ సంగతి ఆమెకు తెలియదు. పీట చంకలో పెట్టుకుని, వెనక్కి తిరిగి చూసుకుంటూ వచ్చేవాడు.

టాస్ ఈమె చేతికి ఎట్లా వచ్చిందంటే అదొక కథ. కంప్యూటర్ తనకు అన్యాయం చేస్తున్నదని ఎవరో ఒకాయన గొడవపడ్డాడు, ప్రతిసారీ టాస్ ఓడిపోతున్నాడట, మిషన్ను నమ్మను అన్నాడు. మిషన్ను వద్దంటే మా అమ్మను నమ్ముతరా అని అడిగాడు శ్రవణ్, ఆమెకు క్రికెట్టే తెల్వది, ఎవరి దిక్కూ ఉండదు. అంతే, ఫోన్ను పప్పుల డబ్బాకు ఆనించి పెట్టి ఎగరెయ్యమన్నాడు. సింహాలు పడితే చిత్తు, కంకులు పడితే బొత్తు. అప్పటి నుంచి దేశదేశాలవాళ్ళకు ఆమె ముఖం కన్నా ఆమె చెయ్యి బాగా తెలుసు, రెండు గాజులు, పసుపు పట్టిన గోళ్ళు. పోయిన నెల గాజులు కొంచెం వదులయ్యాయి. ఎగరేసే రోజుకు ఒక్కటే పట్టింపు పెట్టింది ఆమె, అమాసనాడు ఎయ్యను. లీగులో వాళ్ళు దానికి అలవాటుపడ్డారు, వాన పడితే ఆట ఆగినట్టు, అమాస వచ్చినా ఆట ఆగేది, ట్రినిడాడ్ టీచరమ్మ తన క్యాలెండర్లో అమాసలు రాసిపెట్టుకునేదట. ఆ రోజు కూడా అంతే. సాయంత్రం వాడు వచ్చి, అమ్మా ఫైనల్ ఉన్నది, బిళ్ళ తే, అన్నాడు. ఇయ్యాల అమాస గదరా, రేపు ఏస్త. సరే రేపే ఏద్దువు తియ్, అన్నాడు, పోయి అందరికీ రాశాడు. తెల్లవారుజామున మహేశ్వరి కేక. మంచం పక్కన కింద పడి ఉన్న ఊపిరి మందు గొట్టం, చెయ్యి దానిదాకా పోయి ఆగిపోయింది. నలభై అయిదేండ్ల కొడుకు, అయినా రిక్షా కోసం చూసింది నాగమణమ్మ, ఆ నిమిషం నిజంగా రిక్షా కోసమే చూసింది, ఆ పటాకుల రాత్రిలాగా.

పిట్ట ముట్టలేదు. అది చెప్పుకోవాలి, అది చెప్పుకోకుంటే ఈ బిళ్ళ సంగతి ఎవరికీ అర్థం కాదు. పదోనాడు పురానాపూల్ దగ్గర మూసీ ఒడ్డున విస్తరి వేసి పెట్టారు, వాడికి ఇష్టమైనవన్నీ, మిర్చి బజ్జీలు, దోసకాయ పప్పు, ఖారా బూందీ. కాకులు లేవా అంటే చెట్టు నిండా ఉన్నాయి. ఒక్కటి దిగదు. పోయినవాడి మనసులో కోరిక ఉంటే పిట్ట ముట్టదని అందరికీ తెలిసిందే కదా, ఒక్కొక్కరే విస్తరి దగ్గరికి పోయి మాట ఇచ్చారు. మీ అమ్మను మేం చూసుకుంటంరా, అని మేనమామ. సాయిప్రియను డాక్టరు చదివిస్త, అని మహేశ్వరి, బిడ్డ పేరు చెప్పి గుండె బాదుకుంది. ఆ బిడ్డ, ఇంటర్ చదివే పిల్ల, నాన్నా నేను కంప్యూటర్ ముట్టుకోను అంది. పిట్ట రాలేదు. ఎండ నెత్తి మీదికొచ్చింది. నాగమణమ్మ నోటి దాకా వచ్చింది, ఫైనల్ ఆడిపిస్తం బిడ్డా అని. కానీ అక్కడ అంతమంది పెద్దమనుషులు, పంతులు, ఏమనుకుంటారో, కొడుకు పోతే ముసలిది ఆట గురించి మాట్లాడుతున్నదని నవ్వరూ? నోరు మూసుకుంది. ఆఖరికి విస్తరి తీసి ఆవుకు పెట్టారు. ఆవు తిన్నది, ఆవు దేన్నయినా తింటుంది.

ఇంటికొచ్చి మహేశ్వరికి ఒక్కదానికే చెప్పింది. ఆ మహేశ్వరి కదా, ఇన్నేండ్లూ మొగుణ్ణి దెప్పింది. పెండ్లాం బతికున్నది ఈడ, మీరు చచ్చినోళ్ళతోటి కాపురం చేస్తుండ్రు, అనేది. బిడ్డ ఫీజు తారీఖు గుర్తుండది గానీ డెబ్బయ్యొకట్ల ఎవడెన్ని కొట్టిండో గుర్తుంటది, అనేది. వాడు నవ్వేవాడు, చెవిలో వేలు పెట్టి ఆడించుకునేవాడు. అట్లాంటి మహేశ్వరి అత్త మాట విని పోయి ఆ మూలలో దుమ్ముపట్టిన కంప్యూటర్ మీది గుడ్డ తీసింది. స్కూల్లో ఆఫీసు పని చేసే పిల్ల, ఎట్లా తెరవాలో ఆమెకు తెలుసు. కరాచీకి రాసింది, ట్రినిడాడ్‌కు రాసింది. శ్రవణ్ పోయినట్టు వాళ్ళకు అప్పటిదాకా తెలియదు, అమాస ఇంకా పోలేదా అని నవ్వుతూ ఎవరో రాసిన చీటీ అట్లాగే ఉందట అందులో.

నాగమణమ్మ కొంగుతో బిళ్ళ తుడిచి ముందు గదిలోకి వచ్చింది. గడియారంలో అయిదు కావస్తోంది. తెర సగంలో సాదిక్ సాబ్, సగంలో టీచరమ్మ, వాళ్ళకక్కడ పొద్దున, ఆమె వెనుక కిటికీలో కొబ్బరిచెట్టు ఊగుతోంది. "సలామ్ అమ్మా" అన్నాడు సాదిక్ సాబ్. టీచరమ్మ చేతులు జోడించింది. మహేశ్వరి బటన్ మీద చెయ్యి పెట్టి, తెరకు తన మాట వినపడకుండా ఏదో నొక్కి, అత్త వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అత్తమ్మా, ఒకటి చెప్పనా? ఇయ్యాల గూడ అమాసనే అని చెప్పుదమా?"

"ఏంది?"

"రేపు గూడ ఏదో ఒకటి చెప్పుదం. ఆట ఉండనీ అత్తమ్మా. ఇది ఉన్నన్ని దినాలు ఆయన పేరు ఈడ ఉంటది. సూడు, అంపైర్ అని రాసి ఆయన పేరే ఉన్నది. అయిపోతే ఇది గూడ పోతది."

నాగమణమ్మ తెర మీద ఆ అక్షరాల వైపు చూసింది. తాను వంటింట్లో చింతపండు రుద్దుతూ దాచుకున్న మాటనే ఇది బయటికి అన్నది, చచ్చినోళ్ళ ఆట అని దెప్పిన పిల్ల. ఎంత సులువు. వాళ్ళు నమ్ముతారు, టీచరమ్మ తన క్యాలెండర్నయినా కాదనుకుని నమ్ముతుంది, పాపం ఎన్ని అమాసలైనా నమ్ముతారు. తన భట్టీ అబద్ధాన్ని కూడా ఇంకా నమ్ముతూనే ఉన్నాడు ఆ ముసలాయన. ఫైనల్ ఎప్పటికీ రేపే ఉంటుంది, శ్రవణ్ పేరు తెర మీద ఉంటుంది, ఆ యేడు ఎట్లున్నడో గట్లనే. ఏ యేటి శ్రవణ్ను పెట్టుకోవాలి తాను, జట్టు కట్టమంటే? పంచాంగం తిప్పే యేటివాడినా, పెళ్ళిపీటల మీద దగ్గు ఆపుకుని ఎర్రబడ్డ యేటివాడినా? చెంప వాచిపోయి గడపలో నిలబడినవాడు ఎదురొచ్చాడు, ఆ ఒక్కడే ఎదురొచ్చాడు. ఔటే అమ్మా, నిజంగ ఔటే.

"ఇయ్యాల దశమి బిడ్డా" అంది. "అబద్ధమాడితే అంపైర్ ఊకోడు."

మహేశ్వరి ముక్కు తుడుచుకుని బటన్ నొక్కింది. సాదిక్ సాబ్ చిత్ అన్నాడు. నాగమణమ్మ ఎగరేసింది, ఇంటి దూలం దాకా పోయిన బిళ్ళ తిరుగుతూ తిరుగుతూ దిగి మణికట్టు మీద పడింది, గాజు గలగలమంది, చెయ్యి తీసి చూస్తే కంకులు. బొత్తు. టీచరమ్మ గెలిచింది. అరగంటలో ఆడేస్తుందట కంప్యూటర్, ఒక్కొక్క బంతికి ఒక్కొక్క మాట తెర మీద పడుతూ పోతుంది, అన్నీ శ్రవణ్ ఎప్పుడో రాసిపెట్టినవే. ఇంగ్లీషులో ఉన్నాయి, ఏమంటున్నది చదువమ్మా అంటే మహేశ్వరి తెలుగు చేసి చదివింది. పెద్ద దెబ్బకు బంతి మూసీ దాటిందట. పరుగే చెయ్యకుండా ఔటైనవాడు పెళ్ళికి పోయి చెయ్యి కడుక్కుని వచ్చాడట. పట్టిన బంతి జారితే నోటికాడి ముద్ద జారిందట. నాగమణమ్మ ఉలిక్కిపడింది. ఇవన్నీ నా మాటలు గద? నేను వంటింట్ల అనేటియి గద? "అవు అత్తమ్మా" అంది మహేశ్వరి, తనకూ ఇప్పుడే తెలుస్తున్నట్టు మెల్లగా, "అన్నీ నీయే." ఇన్నేండ్లూ తన మాటలు ట్రినిడాడ్‌లో చదువుకున్నారు, కరాచీలో చదువుకున్నారు, వాడు ఒక్కనాడైనా చెప్పలేదు. తర్వాతిది చదువమ్మా అని కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది, కిటికీ దగ్గర వెలుగు తగ్గుతూ వచ్చింది.

నలభై ఎనిమిది గెలిచింది. కొన్ని పరుగులే తేడా. "అర్తాలీస్ నే హమ్‌కూ ఫిర్ హరా దియా అమ్మా" అన్నాడు సాదిక్ సాబ్, నలభై ఎనిమిది మమ్మల్ని మళ్ళీ ఓడించింది అని, నవ్వుతూ అన్నాడు గానీ గడ్డం తడిసింది. టీచరమ్మ ఏదో అంది, గెలిచినదానిలాగా లేదు ఆమె గొంతు. ఇంకొక్క మాట తెర మీద పడింది, అన్నిటికన్నా కింద. మహేశ్వరి చదవలేదు.

"ఏమున్నది బిడ్డా?"

"ఏం లేదు అత్తమ్మా. ఆట అయిపోయిందని."

"అంతేనా? ఇంకా ఉన్నట్టుంది గద."

ప్రతి ఆట చివరా వచ్చే మాటేనట అది, టీచరమ్మ చెప్తున్నది, వాళ్ళ ఊళ్ళో పిల్లలు కూడా ఆట ముగిస్తే అదే అంటారట, హైదరాబాదులో సామెత అనుకున్నారట. మహేశ్వరి చదివింది, ఒక్కొక్క మాటా విడివిడిగా. "ఆట అయిపోయింది. అంపైర్‌ను వాళ్ళమ్మ పిలుస్తున్నది."

సలాములు అయ్యాయి, తెర మీద ముఖాలు పోయాయి. దీపం పెట్టే వేళ అయ్యిందని ఎనభై మూడు నుంచి పట్టిన అలవాటు కాళ్ళను లేపింది. గడపలోకి వచ్చింది. గల్లీ ఖాళీగా ఉంది, ఈ కాలంలో గల్లీలో ఆడేవాళ్ళెవరు, రెండు బండ్లు, ఒక కుక్క, ఎదురింటి గోడకు ఎవరో ఎప్పుడో గీసిన మూడు గీతల వికెట్లు సగం చెరిగి ఉన్నాయి. చలిగాలి వేసింది. పిలుపు దానంతటదే గొంతులోకి వచ్చింది, పెదవులు కూడా కదిలాయి. ఒక్క ఓవర్ చాచీ, ఒక్క ఓవర్. మూసీ ఒడ్డున అంతమంది అన్ని మాటలు ఇచ్చారు, ఎవరికీ తోచని మాట ఒకటుంది, అది ఇవ్వగలిగింది తాను ఒక్కతే. నోరు మూసుకుని గడప మీద కూర్చుంది. పిలవను బిడ్డా. ఈ పొద్దు పిలవను.

వెనక నుంచి మహేశ్వరి వచ్చి నిలబడింది. ఇల్లంతా చీకటి.

"దీపం పెట్టలేదేంది అత్తమ్మా?"

"ఉండనీ కొంచెంసేపు" అంది నాగమణమ్మ, ఖాళీ గల్లీలోకి చూస్తూ. "పిలగాండ్లు ఇంకా ఆడుతుండ్రు."

మహేశ్వరి గల్లీ అంతా ఒకసారి చూసింది. స్విచ్ మీద పెట్టిన చెయ్యి తీసేసి, అత్త పక్కన గడప మీద కూర్చుంది.